పోర్ట్స్‌మత్ జీతాల పద్దు: ఒక సీజన్ రాబడి మీద నాలుగేళ్ల మాట

2010 ఏప్రిల్‌లో పోర్ట్స్‌మత్ ఫుట్‌బాల్ క్లబ్ రుణదాతల చేతికి అందిన నివేదికను, దివాలా వ్యవహారాలు నేర్చుకోవడానికి నా దగ్గర చేరే యువ అకౌంటెంట్లకు మొదటి వారంలోనే చదవమని ఇస్తాను. అందులో చూపిన బాకీల మొత్తం దాదాపు 12 కోట్ల పౌండ్లు. బాకీ రావలసిన వారిలో క్లబ్‌కు అప్పిచ్చిన యజమానులున్నారు, ఆటగాళ్లను అమ్మిన ఇతర క్లబ్బులున్నాయి, ఏజెంట్లున్నారు, బ్రిటన్ పన్నుల శాఖ ఉంది. వీళ్లందరి నడుమ, మ్యాచ్ జరిగే రోజున మైదానం అంచున ప్రథమ చికిత్స కోసం నిలబడే సెయింట్ జాన్ అంబులెన్స్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా ఉంది. పేర్లన్నీ చదివాక నేను వాళ్లను అడిగే ప్రశ్న ఒక్కటే: వీళ్లలో ఎవరి డబ్బు పూర్తిగా తిరిగి వస్తుంది, ఎవరిది రాదు, ఎందుకని? దీనికి జవాబు చెప్పాలంటే ఆ క్లబ్ తన ఆటగాళ్లకు ఇచ్చిన జీతాల మాట ఎన్నేళ్లకు ఇచ్చిందో, ఆ మాటను నిలబెట్టవలసిన రాబడి ఎన్నాళ్లు వస్తుందో తెలుసుకోవాలి.

ఈ క్లబ్ పతనం గురించి వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం యజమానుల చుట్టూ తిరుగుతాయి. 2009–10 అనే ఒక్క సీజన్‌లోనే క్లబ్ పగ్గాలు నలుగురి చేతులు మారాయి కనుక అది సహజమే. నా అభిప్రాయంలో మాత్రం యజమానుల కథ రెండో అధ్యాయం. ఎంత నిజాయితీపరుడైన యజమాని వచ్చినా మోయలేని బరువు అప్పటికే జీతాల పద్దులో పేరుకుపోయి ఉంది.

క్లబ్, ఊరు, పద్దు

పోర్ట్స్‌మత్ ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, చాలా భాగం ఒక ద్వీపం మీద ఇరుకుగా అల్లుకున్న నౌకాదళ నగరం. 1898లో స్థాపించిన ఈ క్లబ్ 1949, 1950 సంవత్సరాలలో వరుసగా ఇంగ్లండ్ లీగ్ విజేతగా నిలిచింది. దాని మైదానమైన ఫ్రాటన్ పార్క్‌లో దాదాపు 20,000 మంది మాత్రమే పడతారు. చుట్టూ ఇళ్లు కమ్ముకుని ఉన్న పాత స్టేడియం కావడంతో, పెద్ద క్లబ్బులకు మ్యాచ్ రోజున టికెట్ల మీదా విందు గదుల మీదా వచ్చే ఆదాయం దీనికి ఎన్నడూ రాలేదు. కొత్త స్టేడియం ప్రణాళికలు ఒకటికి మించి వచ్చాయి గాని ఏదీ కట్టడంగా మారలేదు.

2003లో, మిలన్ మండారిచ్ యజమానిగా హారీ రెడ్‌నాప్ మేనేజర్‌గా ఉన్న కాలంలో, క్లబ్ ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చింది. 2006లో అలెగ్జాండర్ గైడమాక్ చేతికి వెళ్లాక ఖర్చు వేగం పెరిగింది. 2006–07లో రాబడి సుమారు 4 కోట్ల పౌండ్లు కాగా జీతాలు దాదాపు 3.7 కోట్ల పౌండ్లు, అంటే వచ్చిన ప్రతి వంద పౌండ్లలో తొంభైకి పైగా జీతాలకే పోయాయి. 2007–08లో ప్రీమియర్ లీగ్ కొత్త టీవీ ఒప్పందం మొదలైంది. క్లబ్ రాబడి 7 కోట్ల పౌండ్ల స్థాయికి ఎగబాకింది. జీతాలు కూడా 5.5 కోట్ల పౌండ్ల దగ్గరికి చేరాయి. శాతంగా చూస్తే 78 దాకా తగ్గింది కనుక మెరుగైనట్టే కనిపిస్తుంది. 2008 మే 17న వెంబ్లీలో న్వాంక్వో కాను అనే ఆటగాడి గోల్‌తో కార్డిఫ్ సిటీని 1–0తో ఓడించి క్లబ్, ఇంగ్లండ్ ప్రధాన నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్ గెలుచుకుంది. ఆ వేసవిలో ఆ పద్దును చూసి ప్రమాదం ఉందని చెప్పిన వారి మాట ఎవరికీ రుచించి ఉండదు.

శాతం ఎక్కడ మోసం చేస్తుందంటే

జీతాలు రాబడిలో ఎంత శాతం అన్నదే క్లబ్బుల ఆర్థిక ఆరోగ్యానికి కొలబద్ద అని ఫుట్‌బాల్ ఆర్థిక చర్చలో స్థిరపడిపోయింది. ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ 2022లో ఆమోదించిన నిబంధనల ప్రకారం ఆటగాళ్ల జీతాలు, బదిలీ రుసుముల (ఆటగాడిని వదులుకునే క్లబ్‌కు కొనే క్లబ్ కట్టే ధర) వార్షిక భారం, ఏజెంట్ల రుసుములు కలిపి రాబడిలో 70 శాతం దాటరాదు. ఆ పరిమితిని మొదట 90, తరువాత 80, చివరకు 70గా మూడేళ్లలో దించారు. ఈ కొలబద్ద పనికిరాదని నేను అనను. అయితే అది ఒక సంవత్సరం జీతాన్ని ఒక సంవత్సరం రాబడితో పోలుస్తుంది. ఆటగాడితో క్లబ్ కుదుర్చుకునే ఒప్పందం మూడు, నాలుగు, ఒక్కోసారి ఐదు సంవత్సరాలకు ఉంటుంది; దాన్ని చెల్లించవలసిన టీవీ సొమ్ము మాత్రం వచ్చే ఏడాది జట్టు ఏ డివిజన్‌లో ఉంటుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఒక ఊహా లెక్కతో దీన్ని వివరిస్తాను. ఒక క్లబ్ 1.2 కోట్ల పౌండ్ల బదిలీ రుసుముతో, వారానికి 60,000 పౌండ్ల జీతంతో, నాలుగేళ్ల ఒప్పందం మీద ఒక ఆటగాడిని తెచ్చుకుందనుకుందాం. రుసుమును ఒప్పంద కాలానికి సమంగా పంచి ఏటా 30 లక్షలు ఖర్చుగా రాస్తారు. జీతం ఏటికి 31.2 లక్షలు, లాభనష్టాల పట్టికలో ఆ ఏడాది కనిపించే భారం 61.2 లక్షల పౌండ్లు. నిజానికి సంతకం పెట్టిన రోజునే క్లబ్ నెత్తిన పడిన బాధ్యత దాదాపు 2.45 కోట్ల పౌండ్లు. ఏడాది తిరిగేసరికి డబ్బు ఇబ్బంది వచ్చి అతన్ని 60 లక్షలకు అమ్మవలసి వస్తే, పుస్తకాల్లో అతని విలువ ఇంకా 90 లక్షలు ఉంటుంది కనుక 30 లక్షల నష్టం రాయాలి. అతనికి వేరే చోట అంత జీతం ఎవరూ ఇవ్వకపోతే అతను కదలడు, కదలవలసిన అవసరమూ అతనికి లేదు. ఇలాంటి ఒప్పందాలు ఇరవై ఉన్న క్లబ్ ఒక్క డివిజన్ కిందికి జారిందంటే, రాబడి ఒక్క వేసవిలో కూలిపోతుంది, జీతాల మాట మాత్రం తన గడువు తీరేదాకా నడుస్తూనే ఉంటుంది. డివిజన్ మారితే జీతం ఇంత తగ్గుతుందన్న షరతు ఒప్పందంలో ముందే రాసుకుంటే తప్ప ఈ అగాధాన్ని పూడ్చే దారి లేదు.

పోర్ట్స్‌మత్‌లో డివిజన్ మారకముందే ఆ అగాధం బయటపడింది, ఎందుకంటే రాబడికీ ఖర్చుకూ మధ్య ఉన్న తేడాను పూడుస్తున్నది యజమాని డబ్బు, అప్పు. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత ఆ ప్రవాహం సన్నగిల్లింది. 2008 అక్టోబరులో రెడ్‌నాప్ టాటెన్‌హామ్‌కు వెళ్లిపోయాడు. 2009 జనవరిలో లాసానా డియారా రియల్ మాడ్రిడ్‌కు, జెర్మెయిన్ డెఫో టాటెన్‌హామ్‌కు. ఆ వేసవిలో గ్లెన్ జాన్సన్, పీటర్ క్రౌచ్, సిల్వాన్ డిస్టిన్, నికో క్రాంచార్ వేర్వేరు క్లబ్బులకు వెళ్లారు. ఆటగాళ్లను అమ్మి జీతాలు కట్టడమంటే విత్తనపు వడ్లు దంచుకు తినడమే. అమ్ముడైన వాళ్లు జట్టులో మేలైనవాళ్లు, మార్కెట్‌లో గిరాకీ ఉన్నవాళ్లు. మిగిలినవాళ్ల జీతాలకు కొనేవాడు లేడు.

జీతాలు ఆగిన శీతాకాలం

2009 ఆగస్టులో సులేమాన్ అల్ ఫహీమ్, అక్టోబరులో అలీ అల్ ఫరాజ్, 2010 ఫిబ్రవరిలో, అప్పిచ్చిన హోదాలో, బలరామ్ చైన్‌రాయ్ క్లబ్‌ను చేపట్టారు. ఈ కొద్ది నెలల్లో ఆటగాళ్ల జీతాలు పదే పదే ఆలస్యమయ్యాయి. కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా లీగ్ నిషేధం విధించింది. అంతకు ముందు కొన్న ఆటగాళ్ల తాలూకు బదిలీ వాయిదాలు బాకీ పడటంతో, పోర్ట్స్‌మత్‌కు రావలసిన టీవీ సొమ్ములో కొంత భాగాన్ని ప్రీమియర్ లీగ్ నేరుగా ఆ ఆటగాళ్లను అమ్మిన క్లబ్బులకే చెల్లించింది. లీగ్ నిబంధనల ప్రకారం అది సరైన చర్యే. అయితే జీతాలకు దిక్కైన ఒకే ఒక్క ఖాయమైన ఆదాయం క్లబ్ ఖాతాలో పడకుండానే దారి మళ్లిపోయింది.

2010 ఫిబ్రవరి 26న క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే అడ్మినిస్ట్రేటర్ అనే దివాలా నిపుణుడి చేతికి, వెళ్లింది. ప్రీమియర్ లీగ్‌లో ఉండగా ఆ స్థితికి చేరిన మొదటి క్లబ్ అదే. తొమ్మిది పాయింట్లు కోత పడ్డాయి. ఆ కోత లేకపోయినా జట్టు పట్టికలో అట్టడుగునే ముగించేది. మార్చిలో అడ్మినిస్ట్రేటర్ 85 మంది సిబ్బందిని తొలగించాడు. ఈ సంఖ్య దగ్గర నేను ఎప్పుడూ ఆగుతాను. ఖర్చులో సింహభాగం ఆటగాళ్ల జీతాలదైనప్పుడు వేటు ఆఫీసు ఉద్యోగుల మీద ఎందుకు పడింది? ఆటగాళ్లను కొని అమ్ముకోవడానికి ఉండే బదిలీ గడువు ఫిబ్రవరి 1నే మూసుకుపోయింది. గడువు వెలుపల ఆటగాళ్లను అమ్ముకోనివ్వమని అడిగితే లీగ్ ఒప్పుకోలేదు. ఆటగాళ్లవి నిర్ణీత కాలపు ఒప్పందాలు, వాటి బాకీకి ఫుట్‌బాల్ నిబంధనల రక్షణ ఉంది. కాబట్టి అడ్మినిస్ట్రేటర్ చేతికి అందే ఖర్చు ఏ రక్షణా లేనివాళ్ల జీతమే. నెలకు తక్కువ పొందేవాళ్ల ఉద్యోగాలు ఊడాయి, పొదుపు అయినది మాత్రం మొత్తం పద్దులో పిసరంత. అదే వసంతంలో జట్టు మళ్లీ ఎఫ్ఏ కప్ ఫైనల్ దాకా వెళ్లి చెల్సీ చేతిలో 1–0తో ఓడింది; దాని వల్ల ఐరోపా క్లబ్బుల పోటీ అయిన యూరోపా లీగ్‌లో దక్కవలసిన చోటు కూడా, దివాలాలో ఉన్న క్లబ్‌కు లైసెన్స్ రాదు కనుక, చేజారింది.

ఎవరికి పూర్తిగా, ఎవరికి పైసల్లో

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ‘ఫుట్‌బాల్ రుణదాతల నియమం’ అని ఒకటుంది. దివాలా నుంచి బయటపడి లీగ్‌లో కొనసాగాలనుకునే క్లబ్, ఆటగాళ్ల జీతాలనూ ఇతర క్లబ్బుల బదిలీ బాకీలనూ పూర్తిగా తీర్చాలి. మిగిలిన సాధారణ రుణదాతలకు మాత్రం ఉన్నదాన్ని పంచుతారు. 2010 జూన్‌లో పోర్ట్స్‌మత్ రుణదాతలు ఆమోదించిన ఒప్పందంలో వాళ్లకు పౌండ్‌కు 20 పెన్స్ (ఐదో వంతు), అదీ ఐదేళ్లలో. పన్నుల శాఖ దీన్ని హైకోర్టులో సవాలు చేసి ఓడిపోయింది. అసలు ఈ నియమమే చెల్లదంటూ ఫుట్‌బాల్ లీగ్ మీద వేసిన వేరొక కేసులో కూడా, 2012 మేలో ఆ శాఖకు వ్యతిరేకంగానే తీర్పు వచ్చింది.

ఈ నియమానికి లీగ్ చెప్పే కారణం అర్థం చేసుకోదగినదే: ఒక క్లబ్ బాకీ ఎగవేసి అదే ఆటగాళ్లతో, బాకీ పడ్డ క్లబ్ మీదనే గెలిస్తే పోటీకి విలువ ఉండదు. అయినా ఇరవై ఏళ్లకు పైగా బాకీల పత్రాలు చూసినవాడిగా దీన్ని నేను అంగీకరించలేను. అన్యాయం ఒక వైపు ఉంటే, ఈ నియమం వల్ల వచ్చే మరో నష్టం అంతకన్నా లోతైనది. ఏ వ్యాపారంలోనైనా అప్పు మీద సరుకు ఇచ్చేవాడు కొనేవాడి స్తోమత విచారిస్తాడు. ఇక్కడ ఆటగాడిని వాయిదాల మీద అమ్మే క్లబ్‌కూ, పెద్ద జీతం అడిగే ఏజెంట్‌కూ ఆ విచారణ అవసరం లేదు. కొనేవాడు మునిగినా బదిలీ బాకీకీ ఆటగాడి జీతానికీ లీగ్ హామీ ఉంది. అంటే తాహతుకు మించిన జీతాన్ని ఆపగలిగిన స్థానంలో ఉన్నవాళ్లకు దాన్ని ఆపే కారణమే లేకుండా పోయింది. ఆ భారం అంబులెన్స్ సంస్థ మీద, ఊళ్లోని చిన్న సరఫరాదారుల మీద, పన్ను కట్టే ప్రజల మీద పడింది.

పన్నుల శాఖ బాకీ పేరుకుపోయే తీరు మన పాఠకులకు కొత్తేమీ కాదు. ఆటగాడి జీతం ఒక్క రోజు ఆలస్యమైతే మరునాడు పత్రికల్లో వస్తుంది. జీతంలోంచి కోసిన పన్ను జమ చేయకపోతే నెలల తరబడి బయటికి పొక్కదు. మన దగ్గర ఇబ్బందుల్లో పడ్డ కంపెనీలు టీడీఎస్, పీఎఫ్ సొమ్మును కోసి కూడా కట్టకుండా రోజువారీ ఖర్చులకు వాడుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఏ పుస్తకాల్లోనైనా అదే తొలి రోగ లక్షణం. బ్రిటన్‌లో దివాలా సమయంలో పన్నుల శాఖకు ఉన్న ప్రాధాన్యాన్ని 2003లో తొలగించారు, 2020 డిసెంబరు నుంచి కొన్ని పన్నుల విషయంలో తిరిగి ఇచ్చారు. మధ్యలోని ఆ పదిహేడేళ్లలోనే పోర్ట్స్‌మత్ వంటి క్లబ్బులు పన్నుల శాఖను వడ్డీ లేని బ్యాంకులా వాడుకున్నాయి.

కొన్నేళ్ల క్రితం దక్షిణాదిలో ఒక క్రీడా ఫ్రాంచైజీ బాకీల క్లెయిములు పరిశీలించే పని నాకు వచ్చింది. జట్టును హోటల్ నుంచి మైదానానికి తిప్పిన బస్సు యజమాని ఒకాయన, రెండు సీజన్ల ట్రిప్ షీట్లు తేదీల వారీగా దారంతో కుట్టి తెచ్చాడు. “సార్, ఆటగాళ్లకి వచ్చినాయంట గదా, మాకు ఎప్పుడు?” అని అడిగాడు. డీజిల్ ఆయన తన చేతి డబ్బుతో పోయించుకున్నాడు. ఆయన కాగితాల్లో ఒక్క తప్పు లేదు. వరుసలో ఆయన ఎక్కడున్నాడో చెప్పడం నా వృత్తిలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

రెండో పతనం, అభిమానుల చేతి పద్దు

2010లో కింది డివిజన్‌కు వెళ్లిన పోర్ట్స్‌మత్‌కు ‘పారాచూట్ చెల్లింపులు’ దక్కాయి. ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయిన క్లబ్బులకు పాత ఒప్పందాల భారం మోయడానికి ఇచ్చే సొమ్ము ఇది, ఆ ఏడాది నుంచి నాలుగేళ్లలో 4.8 కోట్ల పౌండ్లుగా నిర్ణయించారు. అది ప్రధానంగా ఫుట్‌బాల్ రుణదాతల బాకీలకు సరిపోయింది. 2011 జూన్‌లో వ్లాదిమిర్ ఆంటోనోవ్ సంస్థ క్లబ్‌ను కొన్నది. నవంబరులో లిథువేనియాలోని స్నోరాస్ బ్యాంకు వ్యవహారంలో ఆయన అరెస్టు కావడంతో ఆ సంస్థే దివాలాకు వెళ్లింది. పౌండ్‌కు 20 పెన్స్ ఇస్తామన్న మాట నెరవేరకముందే, 2012 ఫిబ్రవరిలో క్లబ్ రెండోసారి అడ్మినిస్ట్రేషన్‌లో పడింది. పది పాయింట్ల కోత, మూడో అంచెకు పతనం.

నేను పైన చెప్పిన కాలవ్యత్యాసానికి ఆ వేసవి నిలువెత్తు ఉదాహరణ. క్లబ్ మూసివేయకుండా నిలవాలంటే సీనియర్ ఆటగాళ్లు అందరూ తమ బాకీలపై రాజీ పడి వెళ్లిపోవాలని అడ్మినిస్ట్రేటర్ ట్రెవర్ బర్చ్ తేల్చాడు. చివరగా 2012 ఆగస్టు 10న డిఫెండర్ టాల్ బెన్ హయీమ్ సంతకం చేశాడు. 2009లో ప్రీమియర్ లీగ్ జట్టులో చేరినప్పుడు కుదిరిన ఒప్పందం, క్లబ్ రెండు డివిజన్లు కిందికి జారినా చెల్లుబాటులోనే ఉంది. ఆ ఆటగాళ్లను అప్పట్లో దురాశాపరులన్నవాళ్లున్నారు. ఆ మాట నాకు నచ్చదు. వాళ్లు అడిగిన జీతానికి క్లబ్ ఒప్పుకుని సంతకం పెట్టింది. తీర్చగలదా లేదా అని లెక్క వేసుకోవలసిన బాధ్యత సంతకం పెట్టిన సంస్థది.

తరువాత క్లబ్ యువ ఆటగాళ్లతో, స్వల్పకాలిక ఒప్పందాలతో సీజన్ మొదలుపెట్టి, మరో పది పాయింట్లు కోల్పోయి నాలుగో అంచెకు చేరింది. 2013 ఏప్రిల్‌లో, స్టేడియం మీద తాకట్టు హక్కు ఉన్న చైన్‌రాయ్ సంస్థతో హైకోర్టులో రాజీ కుదిరాక, అభిమానుల ట్రస్టు క్లబ్‌ను తీసుకుంది. వెయ్యి పౌండ్ల వాటాను కొందరు ఒంటరిగా, కొందరు నలుగురైదుగురు కూడి కొన్నారు. ట్రస్టు హయాంలో జీతాలను రాబడికి కట్టివేశారు. అప్పటి నాలుగో అంచె నిబంధనలు కూడా అదే కోరాయి. నాలుగో అంచెలో ఆడుతున్నా మ్యాచ్‌కు సగటున 15,000 మందికి పైగా వచ్చారు. 2014 సెప్టెంబరులో పాత బాకీలన్నీ తీరిపోయాయని క్లబ్ ప్రకటించింది, అందులో మాజీ ఆటగాళ్లకు చెల్లించవలసినవీ ఉన్నాయి. 2017 మేలో ఆ డివిజన్ విజేతగా నిలిచింది.

ఇక్కడితో కథ ఆపితే పాఠకుడికి సగం నిజమే చెప్పినవాడినవుతాను. అదే 2017లో ట్రస్టు సభ్యులు ఓటు వేసి, డిస్నీ మాజీ అధిపతి మైకేల్ ఐస్నర్‌కు చెందిన టోర్నాంటే సంస్థకు క్లబ్‌ను 56.7 లక్షల పౌండ్లకు అమ్మారు. మరో కోటి పౌండ్లు పెట్టుబడి పెడతామని ఆ సంస్థ ఒప్పుకుంది. పాతబడిన ఫ్రాటన్ పార్క్‌ను బాగుచేయడానికి కావలసిన మూలధనం జీతాల క్రమశిక్షణతో మాత్రమే పోగుపడదు. అభిమానులు క్లబ్‌ను బతికించి, పద్దు శుభ్రం చేసి, ఇటుకకూ ఉక్కుకూ డబ్బున్నవాళ్లకు అప్పగించారు. అది ఓటమి అని నేను అనుకోను. 2024లో క్లబ్ మూడో అంచె కూడా గెలిచి రెండో అంచెకు చేరింది.

హైదరాబాద్ వైపు

1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే ఫుట్‌బాల్ పోటీ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన ఆటగాళ్ల జీతం పోలీసు శాఖ ఉద్యోగం నుంచి వచ్చేది. టికెట్ల రాబడితో దానికి సంబంధం లేదు. ఆ పద్ధతి వెనకబడ్డాక వచ్చిన ఫ్రాంచైజీ క్లబ్బులలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఒకటి. 2019లో ఏర్పడి, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేత అయింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఆ సాయంత్రం మూడు పెనాల్టీలు ఆపాడు. రెండేళ్లు తిరగకముందే జీతాల బకాయిల వల్ల కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పడింది, 2024 జనవరిలో ఆటగాళ్లు గుంపుగా వెళ్లిపోయారు, 2023–24 సీజన్ 22 మ్యాచ్‌లలో 8 పాయింట్లతో అట్టడుగున ముగిసింది. ఆ తరువాత యాజమాన్యం మారింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి కొత్త పేరు పెట్టుకుంది.

ఐఎస్ఎల్‌లో జీతాలకు పరిమితి ఉంది. హైదరాబాద్ ఆడిన సీజన్లలో కింది డివిజన్‌కు పడిపోయే పద్ధతి అమల్లో లేదు. అంటే పోర్ట్స్‌మత్‌ను ముంచిన ప్రమాదాలు కాగితం మీద ఇక్కడ లేవు. అయినా జీతాలు ఆగాయి, ఎందుకంటే ఇక్కడి క్లబ్బుల రాబడి చాలా తక్కువ, పద్దు నడిచేది యజమాని ఏటా వేసే డబ్బు మీద. పరిమితి ఎంత ఇవ్వవచ్చో చెబుతుంది, ఇచ్చే డబ్బు ఉందో లేదో చెప్పదు. ఒప్పందం మూడేళ్లది, యజమాని ఆసక్తికి గడువు రాసిపెట్టి ఉండదు.

అందుకే క్లబ్ పుస్తకాలు నా ముందుకు వస్తే రాబడి శాతం కన్నా ముందు ఒక పట్టిక వేయిస్తాను: ప్రతి ఒప్పందం ఏ నెలలో ముగుస్తుంది, అప్పటిదాకా కట్టవలసింది ఎంత, దానికి ఎదురుగా రాతపూర్వకంగా ఖాయమైన రాబడి ఏ నెల దాకా ఉంది. రెండో గడువు మొదటిదానికన్నా ముందే ముగిసిపోయే చోట, ఆ మధ్య నెలల జీతాలకు యజమాని నోటి మాట సరిపోదు, బ్యాంకు గ్యారంటీ కావాలి. సీజన్ మొదలయ్యేలోపు ఆ గ్యారంటీ చూపని క్లబ్‌కు లైసెన్స్ ఇవ్వరాదన్నది మన దేశపు లీగులకు నా సూచన. ఆ గ్యారంటీకి జతచేసే జాబితాలో ఆటగాళ్ల పేర్ల కింద ఫిజియో, కిట్లు చూసేవాడు, మైదానానికి నీళ్లు పట్టే మనిషి, బస్సు యజమాని కూడా ఉండాలని అడుగుతున్నాను.